కురుల కథ చెప్పిన కవి – అలెగ్జాండర్ పోప్

ఉగాది సంచికకు ఏదైనా వ్రాసి యిమ్మని మన సంఘం కార్యదర్శిగారు ప్రతి సంవత్సరమూ మమ్ము అడుగుతూనే ఉంటారు. ఈసారి అడిగినప్పుడు ఒక షరతు కూడా పెట్టారు. మన కాలనీలో రెండు కుటుంబాల మధ్య కిందటి శ్రావణమాసపు పేరంటంలో ఒక నగను గురించి వచ్చిన మాటపట్టింపు ఇంకా తీరలేదట. ఉభయులూ చదివి, నవ్వుకొని, మళ్ళీ కలిసిపోయేటట్టు ఒక హాస్యనాటిక వ్రాయవలసిందని వారి కోరిక. మేము రెండు రోజులు ఆలోచించి, ఆ పని మావల్ల కాదని చెప్పివేశాము. సరిగా ఇటువంటి కోరికనే మన్నించి, మూడు వందల సంవత్సరాల క్రిందట ఇంగ్లండులో ఒక మహాకవి ఏమి అనుభవించాడో మాకు కొంచెం తెలుసు. నాటికకు బదులు ఆ కవి కథే వ్రాసి యిస్తున్నాము. కార్యదర్శిగారు క్షమింతురు గాక.

ఆయన పేరు అలెగ్జాండర్ పోప్. మావలె మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించిన వారు కూడా ఈ పేరు ఎక్కడో విని, పరీక్ష కాగానే మరచి ఉంటారు. మేమూ మరచిన వారమే. చాలా ఏళ్ళ తరువాత రైల్వే ఇన్‌స్టిట్యూటు లైబ్రరీలో అట్ట ఊడిన పుస్తకమొకటి చేతికి తగిలి, రాత్రి డ్యూటీ లేని వారాలలో ఓపికగా చదివితే, ఈయన కళాశాల మెట్లెక్కని మనిషి అని తెలిసింది. ఆ సంగతి తెలిసిన నాటినుంచి ఆయనమీద మాకు ఒక విధమైన బంధుప్రీతి ఏర్పడింది.

పోప్ 1688 మే 21వ తేదీన లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి నారబట్టల టోకు వర్తకుడు. తల్లి పేరు ఎడిత్. ఇద్దరికీ నలభై దాటిన తరువాత కలిగిన బిడ్డ. ఇంటిపేరు పోప్ అయినంత మాత్రాన రోము నగరపు పోపుగారికీ వీరికీ చుట్టరికం లేదు గాని, కుటుంబం మాత్రం ఆ కాథలిక్ మతానిదే. వచ్చిన చిక్కంతా అక్కడే ఉన్నది. ఆ పిల్లవాడు పుట్టిన యేడాదే ఇంగ్లండులో కాథలిక్ రాజైన రెండవ జేమ్స్ దేశం విడిచి పారిపోయాడు. ఆ తరువాత కాథలిక్కులపై చట్టాలు బిగిశాయి. లండన్‌కు పది మైళ్ళ లోపల వారు కాపురముండరాదు. విశ్వవిద్యాలయంలో చేరరాదు. సర్కారు కొలువు చేయరాదు. భూమిశిస్తు ఇతరులకు ఒకటైతే వీరికి రెండు. అయిదు పౌన్లకు మించిన ఖరీదుగల గుర్రాన్ని ఉంచుకోరాదన్న నిబంధన కూడా ఉండేది. పుట్టిన దేశంలోనే పరాయివారుగా మసలవలసి వచ్చిన కుటుంబం అది. తండ్రి వర్తకం మానుకొని, 1700 ప్రాంతంలో విండ్సర్ అడవి సమీపాన బిన్‌ఫీల్డ్ అనే పల్లెకు మకాం మార్చాడు.

చదువు ఇంటిదగ్గర పాదరీల వద్ద కొంత, చిన్న బడులలో కొంత. ఒక బడిలో పంతులుగారిమీద వెక్కిరింపు పద్యం కట్టి దెబ్బలు తిని బయటపడ్డాడని ఆయన ఇంటివారు చెప్పుకొనేవారు. అచ్చుపుస్తకాలలోని అక్షరాలను చూచి దిద్దుకొని చేవ్రాత నేర్చుకొన్నాడు. పన్నెండేళ్ళకు బడి అనేది ముగిసిపోయింది. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి భాషలు అడవి అంచున కూర్చుండి చాలవరకు తనంతట తానే పట్టుపట్టి సాధించాడు.

ఆ పన్నెండేళ్ళ వయస్సులోనే వెన్నెముకకు క్షయ సోకింది. వెన్ను వంగిపోయి గూని ఏర్పడింది. ఎదుగుదల ఆగిపోయింది. పూర్తిగా పెద్దవాడైన తరువాత కూడా ఆయన ఎత్తు నాలుగున్నర అడుగులే. నిత్యం తలనొప్పి, ఊపిరి సలపకపోవడం. మధ్యవయస్సులో మందమైన గట్టిగుడ్డతో కుట్టిన కవచంవంటిది తొడిగితే గాని నిటారుగా కూర్చోలేకపోయేవాడు. కాళ్ళు పుల్లలవలె ఉండడంచేత ఒకదానిపై ఒకటి మూడు జతల మేజోళ్ళు వేసుకొనేవాడు. బట్టలు తొడగడానికీ విప్పడానికీ ఒక మనిషి సాయం కావలసివచ్చేది. అందంగా అలంకరించుకొని, బండ్లెక్కి, విందులకు వెళ్ళే జనాన్ని గురించి అంత సూక్ష్మంగా వ్రాసిన వాడు, తన చొక్కా తాను తొడుక్కోలేని మనిషి. ఆయన ఎగతాళి పద్యాలు చదివేటప్పుడు ఈ ఒక్క సంగతి మేము మరచిపోలేకుండా ఉన్నాము.

1709లో, ఇరవైయొక్క యేండ్లకు, గోపకావ్యాలు అచ్చయినవి. 1711లో విమర్శనాన్ని గురించి ఒక పద్యగ్రంథం వెలువడింది. అందులో జాన్ డెన్నిస్ అనే పెద్ద విమర్శకుణ్ణి కొంచెం గిల్లాడు. డెన్నిస్ వెంటనే ఒక కరపత్రం అచ్చువేయించి, పద్యాన్ని వదలి దేహంమీద పడ్డాడు. గూనివీపు కప్పతో పోల్చాడు. ఇరవైమూడేళ్ళ కుర్రవానికి సాహిత్యలోకం పలికిన స్వాగతం అది. తరువాతి ముప్పై సంవత్సరాలలోనూ పోప్ శత్రువులు ఈ ఆయుధాన్నే మళ్ళీ మళ్ళీ వాడారు.

ఆయన పద్యం రెండేసి పాదాల జంటగా నడుస్తుంది. మన ద్విపదకు ప్రాస రెండవ అక్షరంలో ఉంటే వారిది పాదం చివర. ఆ రెండు పాదాలలో చెప్పవలసినదంతా చెప్పి, చివర తాళం వేసినట్టు బిగిస్తాడు. ఇంగ్లీషులో ఈ ఛందస్సును అంత నున్నగా తీర్చినవాడు మరొకడు లేడని పెద్దలంటారు. తర్జుమాకు లొంగనిది కూడా ఇదే.

ఇక అసలు కథ. ఆనాటి ఇంగ్లండులో ధనిక కాథలిక్ కుటుంబాలు కొద్దిగా ఉండేవి. చట్టాల మూలంగా బయటివారితో సంబంధాలు తక్కువ గనుక, పెళ్ళిళ్ళూ విందులూ తమలో తామే. ఒకరి ఇంట తుమ్మితే మరొకరి ఇంట వినిపించే చిన్న లోకం. ఆ లోకంలో అరబెల్లా ఫెర్మర్ అనే కన్య అందానికి పేరుపొందినది. లార్డ్ పీటర్ అనే ఇరవైయొక్క యేండ్ల జమీందారు, 1711 ప్రాంతంలో, ఆమె ముంగురులలో ఒక పాయను ఆమెకు తెలియకుండా కత్తెరతో కత్తిరించి పట్టుకుపోయాడు. కుర్రతనమే. కాని రెండు కుటుంబాలకూ మాటలు పోయినవి. ఉభయులకూ కావలసినవాడు జాన్ కారిల్ అనే పెద్దమనిషి. ఆయన పోప్‌ను పిలిచి, ఇద్దరూ నవ్వుకొని కలుసుకొనేటట్టు ఏదైనా వ్రాయమన్నాడు.

ఇక్కడ మనకు నంది తిమ్మన జ్ఞాపకం రాక మానడు. మనం బతుకుతున్న ఈ కన్నడసీమలోనే, హంపీ విజయనగరంలో, కృష్ణదేవరాయలకూ రాణి తిరుమలదేవికీ ఏర్పడిన పొరపొచ్చాన్ని తీర్చడానికే తిమ్మన పారిజాతాపహరణం వ్రాశాడని మన పెద్దలు చెప్పే కథ. అది చారిత్రకమా కాదా అన్నది పండితులు తేల్చవలసిన మాట. పోప్ విషయం మాత్రం ఆయనే స్వయంగా ఒప్పుకొన్న సత్యం. విచిత్రమేమంటే ఆయన కావ్యం పేరు కూడా అపహరణమే. ది రేప్ ఆఫ్ ది లాక్ అంటే కురుల అపహరణం అని అర్థం. ఆ మొదటి మాటకు ఆనాడు ఎత్తుకుపోవడమన్న అర్థం ఉండేది.

1712లో రెండు సర్గలు, 334 పాదాలతో మొదటిసారి అచ్చయింది. పుస్తకాల వ్యాపారి ఇచ్చినది ఏడు పౌన్లు. తరువాత దానిని అయిదు సర్గలకు పెంచి, సుమారు ఎనిమిది వందల పాదాలు చేసి, 1714లో విడిగా ప్రకటించాడు. ఈసారి పదిహేను పౌన్లు. నాలుగు రోజులలో మూడువేల ప్రతులు చెల్లిపోయినవని ఆయనే ఒక ఉత్తరంలో వ్రాసుకొన్నాడు.

కావ్యంలో అరబెల్లా పేరు బెలిండా. కుర్ర జమీందారు బారన్. కథ ఇంతే: బెలిండా పొద్దెక్కి లేస్తుంది, అలంకరించుకొంటుంది, థేమ్స్ నదిమీద పడవలో హాంప్టన్ కోర్టు రాజభవనానికి పోతుంది, పేకాడుతుంది, కాఫీ తాగుతుంది, వెంట్రుకలు పోగొట్టుకొంటుంది, గోల చేస్తుంది. ఈ వెంట్రుకవాసి కథను పోప్ మహాకావ్యపు తూనికరాళ్ళతో తూచాడు. అద్దం ముందు సింగారం ఒక దేవతార్చనవలె సాగుతుంది. బల్లమీద సూదులు, పౌడరు, ప్రేమలేఖలు, బైబిలు, అన్నీ కలిసి పడి ఉంటాయి. ఓంబర్ అనే పేకాట కురుక్షేత్రమంత యుద్ధం. గాలిలో తిరిగే సూక్ష్మదేవతలు ఒకడు చెవిపోగులకు, ఒకడు గడియారానికి, ఒకడు బొచ్చుకుక్కకు కాపలా. పావడా చాలా ముఖ్యం గనుక దానికి ఏకంగా యాభైమంది. మానం పోవడమూ కొత్త పట్టుబట్టమీద మరక పడడమూ ఒకే తక్కెడలో వేసి, రెండూ సమానంగా తూగేటట్టు చేస్తాడు. ఆ జనానికి ఏది పెద్ద, ఏది చిన్న అన్న తారతమ్యం పోయిందని విడిగా చెప్పవలసిన పనే లేకుండా పోయింది. కాఫీ ఆవిరిలో బారన్‌కు ఉపాయం తోస్తుంది. క్లారిస్సా అనే స్త్రీ కత్తెర అందిస్తుంది. అడ్డుపడిన సూక్ష్మదేవత కూడా రెండు ముక్కలై, గాలి శరీరం గనుక మళ్ళీ అతుక్కుంటాడు. వెంట్రుకలు మాత్రం అతుక్కోవు. ఆ పైన విసనకర్రలతో, నస్యపు పొడితో మహాసంగ్రామం. చివరకు ఆ కురులు ఎవరికీ దక్కక ఆకాశానికెగసి నక్షత్రమవుతాయి.

బెలిండా అలంకరణ బల్లమీద ఒక పెట్టెలో మన దేశపు రత్నాలు మెరుస్తూ ఉంటాయి. ఇది కవి గొప్పకు చెప్పిన మాట కాదు. 1720 తరువాత గాని బ్రెజిల్ వజ్రాలు బయటపడలేదు. అంతవరకు ఐరోపా దొరసానుల మెడలో వజ్రమున్నదంటే అది చాలవరకు మన కృష్ణాతీరపు గనులలో కూలివాండ్రు తవ్వి తీసినదే. ఇంకొక వజ్రం కథ ముందు వస్తుంది.

మరి కారిల్ కోరిక నెరవేరిందా? కవిత్వం నెగ్గింది గాని సంధి కుదరలేదనే చెప్పాలి. కావ్యం అచ్చయ్యేనాటికే లార్డ్ పీటర్ వేరొక సంపన్న కన్యను పెళ్ళాడి ఉన్నాడు. ఏడాది తిరగకుండా, 1713లో, మశూచి తగిలి ఇరవైమూడేళ్ళకే మరణించాడు. అరబెల్లా వ్రాతప్రతిని చూచినప్పుడు సంతోషించిందనే అంటారు. కాని అచ్చుపుస్తకం ఊరంతా పాకి, ప్రతివాడూ వేలు చూపడం మొదలుపెట్టేసరికి ఆమెకు కష్టం తోచింది. ఆమె బంధువు సర్ జార్జ్ బ్రౌన్ అనే ఆయన, కావ్యంలో మాట పెగలక తడబడే పెద్దమనిషి తానేనని గుర్తుపట్టి మండిపడ్డాడు. 1714 ప్రతిని పోప్ ఆమెకే అంకితమిచ్చి, ముందుమాటలో బెలిండాకూ ఆమెకూ అందంలో తప్ప పోలిక లేదని సమాధానపరచవలసి వచ్చింది. ఆమె తరువాత పెర్కిన్స్ అనే ఆయనను పెళ్ళాడి సంసారం చేసుకొన్నది. చాలాకాలానికి ఆమె మేనకోడలు, పారిస్‌లో ఒక కన్యకామఠానికి అధికారిణి, ఈ కావ్యం మాట వస్తే గర్వించలేదు సరిగదా, తమ వంశానికి జరిగిన అవమానంగానే మాట్లాడిందని శామ్యూల్ జాన్సన్ తన గ్రంథంలో వ్రాశాడు. మేము నాటిక వ్రాయకపోవడానికి కారణం పాఠకులకు ఇప్పటికి బోధపడి ఉంటుంది.

1717లో పోప్ ఈ కావ్యానికి ఇంకొక భాగం చేర్చాడు. కత్తెర అందించిన క్లారిస్సాయే లేచి, అందం నిలిచేది కాదు, మశూచి ఉన్నది, ముసలితనం ఉన్నది, కాబట్టి మంచితనం నేర్చుకొందామని హితవు చెబుతుంది. సభలో ఒక్కరూ చప్పట్లు కొట్టరు. లార్డ్ పీటర్ సమాధిలో ఉండగా చేర్చిన మాటలివి. నవ్వుల కావ్యంలో ఇక్కడికి వచ్చేసరికి మా నవ్వు ఆగిపోతుంది.

కీర్తి వచ్చింది గాని డబ్బు రాలేదు. మతంచేత కొలువులకూ పింఛన్లకూ తలుపు మూసే ఉన్నది. ఆయన ఒక సాహసం చేశాడు. హోమరు మహాకవి ఇలియడ్‌ను గ్రీకునుంచి ఇంగ్లీషు పద్యాలలోకి దించుతానని ప్రకటించి చందాదారులను చేర్చాడు. సంపుటం ఒకటికి ఒక గినీ, ఆరు సంపుటాలు. 575 మంది చందాదారులు 654 ప్రతులు తీసుకొన్నారు. 1715 నుంచి 1720 వరకు ఆరు సంపుటాలూ వెలువడ్డాయి. జాన్సన్ వేసిన లెక్క ప్రకారం పోప్‌కు దక్కినది అయిదువేల పౌన్లకు పైబడిన మొత్తం. పూర్వం కవులు ఒక ప్రభువు గుమ్మంలో నిలబడి అంకితమిచ్చి బతికేవారు. ఈయన అయిదారువందలమంది పాఠకుల గుమ్మం తట్టి, ఎవరికీ దాసుడు కాకుండా బతికాడు. లెక్కలు వ్రాసుకొనే గుమాస్తాలము గనుక ఈ పద్దు మాకు పద్యాలకంటె తక్కువ ఆనందం ఇవ్వలేదు.

తండ్రి 1717లో పోయాడు. 1719లో తల్లిని తీసుకొని థేమ్స్ ఒడ్డున ట్వికెన్‌హామ్‌లో స్థిరపడ్డాడు. కాథలిక్కు గనుక ఆ స్థలం కౌలుకే. ఇంటికీ తోటకూ మధ్య రాజమార్గం అడ్డం. దాని కిందుగా సొరంగం తవ్వించి, గోడలకు గవ్వలు, అద్దపు ముక్కలు, ఖనిజపు రాళ్ళు పొదిగించి గుహగా మార్చాడు. అక్కడకు గలివరు కథ వ్రాసిన స్విఫ్ట్ వచ్చేవాడు, నాటకకర్త జాన్ గే వచ్చేవాడు, ఆర్బత్‌నాట్ వైద్యుడు వచ్చేవాడు. పెళ్ళి లేదు. తల్లి తొంభై దాటి 1733లో కన్నుమూసే వరకు ఆమెను కంటికి రెప్పవలె చూచుకొన్నాడు. ఎంతటి ప్రభువు పిలిచినా ఆమె ఒంట్లో బాగులేనప్పుడు కదిలేవాడు కాదు. శత్రువులు కూడా కాదనలేని గుణం అది.

ఆయన గుణాలన్నీ అటువంటివి అని మాత్రం మేము చెప్పబోవడం లేదు. 1725, 1726 సంవత్సరాలలో ఒడిస్సీ తర్జుమా వచ్చింది. అందులో సగం పోప్‌ది. ఇరవైనాలుగు పర్వాలలో ఎనిమిది బ్రూమ్‌వి, నాలుగు ఫెంటన్‌వి. వారి పాలు ఎంతో లోకానికి సరిగా చెప్పకుండా దాచాడు. షేక్స్‌పియర్ నాటకాలను పరిష్కరించి 1725లో ప్రకటిస్తే, లూయిస్ థియోబాల్డ్ అనే పండితుడు అందులోని తప్పులను ఒక్కొక్కటిగా ఎత్తి చూపాడు. థియోబాల్డ్ చెప్పినవాటిలో చాలా భాగం న్యాయమే. పోప్ తన తప్పులు దిద్దుకొనడానికి మారుగా, 1728లో డన్సియాడ్ అనే వెక్కిరింపు కావ్యం వ్రాసి, థియోబాల్డ్‌ను మందమతుల రాజ్యానికి పట్టాభిషిక్తుణ్ణి చేశాడు. 1743లో ఆయనను దించి, సిబ్బర్ అనే ఆస్థానకవిని ఎక్కించాడు. ఆ పుస్తకం వెలువడిన తరువాత పగవారి భయంచేత జేబులో పిస్తోళ్ళు, పక్కన బౌన్స్ అనే పెద్ద కుక్క లేనిదే షికారు వెళ్ళేవాడు కాడట.

లేడీ మేరీ వర్ట్‌లీ మాంటేగ్యూతో వైరం మరింత బాధాకరం. ఆమె గొప్ప తెలివిగల స్త్రీ. తానే మశూచికి చిక్కి అందం పోగొట్టుకొని, టర్కీలో భర్త రాయబారిగా ఉన్నప్పుడు అక్కడివారు వేసే మశూచి టీకా పద్ధతి చూచి, కొడుక్కు 1718లో, కూతురికి లండన్‌లో 1721లో వేయించి, ఇంగ్లండుకు ఆ విద్య తెచ్చిన తల్లి. పోప్ ఒకప్పుడు ఆమెకు పుటలకొద్దీ ఉత్తరాలు వ్రాసిన స్నేహితుడు. ఆయన ప్రేమ తెలుపగా ఆమె పకపక నవ్విందని ఒక కథ. నిజమెలా ఉన్నా, తరువాత ఆయన ఆమెమీద వ్రాసిన పాదాలు సభ్యులు చదవదగినవి కావు. ఆమె కూడా ఊరుకోలేదు, గూనిమాట ఎత్తనే ఎత్తింది. లార్డ్ పీటర్‌ను బలిగొన్న జబ్బును ఎదిరించిన స్త్రీని ఆ మశూచి సంగతి తెలిసిన కవే అట్లా దూషించడం మాకు మనస్కరించదు.

అయినా ఆయన చివరి పదేళ్ళ అధిక్షేపం డబ్బుమీద, అధికారంమీద తిరిగింది. దానికి మా నమస్కారం. 1731లో ఒక పద్యలేఖలో టైమన్ అనే ధనికుని మేడ వర్ణించాడు. అంతా కొండంత పెద్దది, ఒక్కటీ పనికివచ్చేది కాదు. విందుకు వెళ్ళిన వాడు మర్యాదల మధ్య చిక్కి ఆకలితోనే ఇంటికి చేరుకొంటాడు. ఇది ఫలానా ప్రభువేనని లోకం పేరు పెట్టగా, కాదని చెప్పుకోలేక అవస్థపడ్డాడు.

1733లో బాథర్స్ట్ ప్రభువుకు వ్రాసిన పద్యలేఖ ధనాన్ని గురించినది. అందులో ఒక వర్తకుడు సజ్జనుడుగా మొదలై, కాజేసిన హిందూదేశపు వజ్రమొకటి చేతికి రాగా, ధనికుడై, ప్రభుసమాజంలో చేరి పాడైపోతాడు. ఈ వజ్రం వెనుక మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఉన్నాడని వ్యాఖ్యాతల మాట. కృష్ణాతీరాన దొరికిన 410 కేరట్ల వజ్రాన్ని పిట్ 1702లో కొని, ఇంగ్లండుకు పంపి సాన పట్టించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌన్లకు అమ్మాడు. అది న్యాయంగా వచ్చినది కాదని పుట్టిన వదంతి ఆయనను బతికినంతకాలం వేధించింది. ఆ వజ్రం ఇప్పటికీ పారిస్‌లో లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. మన ఏటి ఒడ్డు రాయి ఒకటి లండన్ కవి పద్యంలోకి ఎక్కిందని తెలిసిన రోజు మేము ఆ పుట నాలుగుసార్లు చదువుకొన్నాము.

ఒక వ్యాజ్యం సంగతి కూడా చెప్పాలి. ఎడ్మండ్ కర్ల్ అనే పుస్తకాల వ్యాపారి ఇతరుల వ్రాతలు అనుమతి లేకుండా అచ్చువేసి బతికే మనిషి. 1716లో పోప్ వాడికి పానీయంలో వాంతిమందు కలిపి ఇచ్చి పగ తీర్చుకొన్నాడు. తన ఉత్తరాలు తానే అచ్చువేసుకోవడం సభ్యత కాదని, దొంగచాటుగా అవి కర్ల్‌కే చేరేటట్టు చేసి, 1735లో వాడు అచ్చువేయగానే అన్యాయమని కేకలు వేసినదీ ఈయనే. కాని 1741లో కర్ల్‌మీద ఆయన వేసిన దావాలో హార్డ్‌విక్ న్యాయమూర్తి ఇచ్చిన తీర్పు శాశ్వతంగా నిలిచింది. ఉత్తరం కాగితం అందుకొన్నవానిది, అచ్చువేసే హక్కు వ్రాసినవానిది అని.

1744 మే 30వ తేదీన, యాభైయారేళ్ళ వయస్సులో, ట్వికెన్‌హామ్ ఇంట మరణించాడు. మతం మార్చుకొంటే ఎన్నో వసతులు కలిగేవి; మార్చుకోలేదు. ఊరి చర్చిలో తల్లిదండ్రుల పక్కనే సమాధి చేశారు. ఆస్తిలో పెద్దభాగం జీవితాంతం తోడుగా నిలిచిన స్నేహితురాలు మార్తా బ్లౌంట్‌కు వ్రాసి యిచ్చాడు. తరువాత ఆ ఇల్లు చూడడానికి యాత్రికులు విరగబడి వస్తూ ఉండేవారు. 1808 నాటికి ఆ స్థలం కొన్న ఒక దొరసాని ఈ రాకపోకల బాధ పడలేక ఇల్లు కూల్పించివేసింది. రోడ్డు కింది గుహ మాత్రం మిగిలి ఉన్నది.